ఈరమ్మ కాచిన విమానం

ఈరమ్మ ఆ విమానాన్ని మొదటిసారి చూసిన రోజు ఆమె నెత్తిన మొరం తట్ట ఉంది. మల్దకల్‌కు నాలుగు కిలోమీటర్ల అవతల, రాఘవేందర్ సారు ఎర్రచెల్కలో విమానం దిగడానికి దారి వేస్తున్నారని తెలిసి భర్తతో కలిసి కూలికి పోయింది. అతని పేరు ఆశీర్వాదం. అప్పటికి ఇరవై ఏళ్లుగా వాళ్లిద్దరూ చేసింది ఆ పనే. పుణె, షోలాపూర్, ముంబై... ఎక్కడ రోడ్డు పడితే అక్కడ గుడారం వేసుకుని మట్టి మోయడం, అయిపోగానే ఇంకో ఊరికి మళ్లడం. మోసిన మట్టి మీద ఎవరు తిరుగుతారో ఎన్నడూ చూసింది లేదు. ఈ ఒక్క దారి మీద మాత్రం, రోలరు తొక్కడం పూర్తయిన మూడోనాడు, ఆకాశంలోంచి ఒక తెల్లని విమానం వచ్చి ఆమె కళ్ల ముందే దిగింది. దుమ్ము లేచింది. కూలీలంతా కేకలు పెట్టారు. ఈరమ్మ మాత్రం తట్టను అట్లాగే నెత్తిన పెట్టుకుని నిలబడిపోయింది.

రాఘవేందర్ గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి. యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నాడు. ఎవరో వాడి అమ్మేసిన నాలుగు సీట్ల విమానం తెచ్చుకున్నాడు. ముందు ఒకే పంకా, రెక్కలు పైన. పని అయిపోయి కూలీలు వెళ్లిపోయేటప్పుడు, రోజూ దారి ఊడ్చి గులకరాళ్లు ఏరడానికి ఒక మనిషి కావాలన్నాడు. చిన్న రాయి లేచి తగిలినా పంకా అంచు విరుగుతుంది. ఊళ్లోనే ఉండి చేసుకునే పని కదా అని ఈరమ్మ ఒప్పుకుంది. ఆశీర్వాదం చుట్టుపక్కల విత్తనపత్తి చేలల్లో కూలికి కుదిరాడు.

నాలుగేళ్లు విమానం బాగానే ఎగిరింది. ఈరమ్మ తెల్లారగానే దారి పొడుగునా ఊడ్చి, మేకలను, కుక్కలను అదిలించి, చివరన నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపితే గానీ రాఘవేందర్ బయలుదేరేవాడు కాదు. అట్లాంటి మనిషి ఒకరోజు విత్తనాల గోదాములో నిలబడి మాట్లాడుతూనే కూలబడిపోయాడు. గుండె లయ తప్పిందని హైదరాబాదు దవాఖానలో తేల్చారు. మందులు వాడితే ప్రాణానికి భయం లేదన్నారు. కానీ పైన ఉండగా స్పృహ తప్పే మనిషి చేతికి విమానం ఎవరిస్తారు? డాక్టర్లు ఇచ్చే ఆరోగ్య కాగితం పోయింది, దాంతోపాటు నడిపే అనుమతీ పోయింది.

ఇంటికి వచ్చాక ఆయన విమానం ఉన్న షెడ్డు వైపు తిరిగి చూడలేదు. విమానాల ఇంజినీరు మద్దిలేటికి ఫోన్ చేసి, "దాన్ని ఇగ పండబెట్టు" అన్నాడు, అంతే.

మద్దిలేటి అరవై దాటిన మనిషి. కర్నూలు వైపు పుట్టి హైదరాబాదులో స్థిరపడ్డాడు. పెట్టె నిండా సామానుతో వచ్చి, షెడ్డులో మూడు రోజులు పని చేశాడు. ఈరమ్మ నీళ్లు అందిస్తూ, గుడ్డలు ఉతికి ఇస్తూ ఆయన చేసేదంతా చూస్తూ ఉంది. మూడో రోజు ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఎగిరేటప్పుడు దీనికేం కాదమ్మా. నిలబడితేనే చెడిపోతాది. నేను మూడు నెలలకోసారి రావడమే కష్టం. వారం వారం చూసేవాళ్లు ఒకరు కావాల. నువ్వు చూస్తావా?"

"నాకేం తెల్సు సార్? నేను రెండో తరగతి."

"కండ్లు బాగున్నాయి కదా, చాలు."

ఇంజన్ పైభాగంలో నాలుగు చోట్ల ఆయన బిగించిన గాజు బిరడాలు చూపించాడు. ఒక్కో దానిలో నీలం రంగు గుళికలు ఉన్నాయి. నీలంగా ఉన్నన్నాళ్లు ఇంజన్ లోపల పొడిగా ఉన్నట్టు. గులాబీ రంగుకు తిరిగితే తేమ చేరినట్టు.

"గులాబి అయితే ఏం జెయ్యాలె?"

"అది విప్పి, వెంటనే ఇంకోటి బిగించు. విప్పినదాంట్లో గుళికలు పెనం మీద సన్నసెగన వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. అయితే ఆ పెనం వేరేగా పెట్టుకో. రొట్టెలు చేసేది కాదు. ఆ రంగు మంచిది కాదు."

ఇంకా చాలా చెప్పాడు. గాలి పోయే గొట్టాలకు ఎర్ర పట్టీలున్న మూతలు పెట్టాడు. మొత్తం పదకొండు మూతలు. అవి లేకపోతే కందిరీగలు మట్టి తెచ్చి గూళ్లు పెడతాయి. చక్రాలు ఒకే చోట ఉంటే టైర్లు అడుగున చదునైపోతాయి కాబట్టి వారానికోసారి విమానాన్ని జానెడు ముందుకో వెనక్కో జరపాలి. రెక్కల్లోని పెట్రోలు అడుగు నుంచి కాస్త సీసాలోకి పట్టి నీళ్లు చేరాయేమో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్పాడు.

"పంకాను మటుకు ఎవరూ తిప్పగూడదు. చానామంది మంచి చేస్తున్నామనుకుని చేత్తో తిప్పుతుంటారు. లోపల పూసిన నూనె తుడుచుకుపోయి తుప్పు పడతాది. అదీగాక, ఎప్పుడన్నా ఇంజన్ అంటుకుని పంకా తిరిగిందంటే చెయ్యి ఉండదు."

ఆ రోజు నుంచి శనివారం ఈరమ్మకు విమానం రోజు అయింది. ఆశీర్వాదాన్ని వెంట తెచ్చుకునేది. ఇద్దరూ కలిసి రెక్కను మోసే కమ్మీని పట్టుకుని తోసేవాళ్లు. టైరు ఎక్కడ ఆగిందో నేల మీద సున్నంతో గీత పెట్టేది. మద్దిలేటి ఇచ్చిన నోటుపుస్తకంలో రాయడం రాక, సంత నుంచి రెండు స్కెచ్ పెన్నులు తెచ్చుకుంది. గుళికలు నీలంగా ఉంటే నాలుగు నీలం చుక్కలు. ఏదైనా మారితే ఆ చోట గులాబీ చుక్క. పెట్రోలులో నీళ్లు లేకపోతే ఖాళీ సీసా బొమ్మ. మూతలు పదకొండూ ఉంటే పదకొండు గీతలు. మద్దిలేటి వచ్చినప్పుడు ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టేవాడు.

తమాషా చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేవాళ్లు. ఫొటో దిగుతూ పంకా మీద చెయ్యి వేయబోయిన ఒక పెళ్లిబృందాన్ని ఈరమ్మ చీపురు పట్టుకుని బయటికి పంపింది. ఊళ్లో ఆమెకు గాలిమోటర్ ఈరమ్మ అని పేరు పడింది. ఆశీర్వాదం కూడా ఒకసారి విసుక్కున్నాడు.

"ఎగరనే ఎగరదు. దానికింత చాకిరి ఎందుకే?"

"ఎగరదు గాబట్కే," అంది ఈరమ్మ.

రెండేళ్లు గడిచాయి. రాఘవేందర్ వ్యాపారం చాలావరకు ఆయన మేనల్లుడు శ్రవణ్ కుమార్ చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు. తీరిక లేని మనిషి, ఎప్పుడూ ఫోను చెవికి ఆనించుకుని ఉంటాడు. ఆ ఏడు జూన్‌లో సరుకు ఇంకా దింపుకోక ముందే వానలు మొదలయ్యాయి. గద్వాలలో గోదాము కప్పు కారింది. రెండు లారీల నిండా యూరియా, యాసంగి పంటకు దాచిన పల్లి విత్తనం. శ్రవణ్ లారీలను నేరుగా షెడ్డుకు పట్టించుకొచ్చాడు.

ఈరమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. "ఈడ పెట్టొద్దు సార్. యూరియా నీళ్లు పీలుస్తది. పల్లికాయకు ఎలుకలొస్తయి. ఇంజినీరు సారు ఏమీ పెట్టొద్దన్నడు."

"వానల తడిస్తే రైతులకు విత్తనం యాడికెల్లి ఇయ్యాలె? నువ్విస్తవా?" శ్రవణ్ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది. "రెండేండ్లైంది ఎగరక. ఊరికే పడున్న షెడ్డు. పది రోజులు ఆగు, తీసేస్త."

ఈరమ్మ రాఘవేందర్‌కు ఫోన్ చేసింది. ఆయన విని, "శ్రవణ్‌కే చెప్పు ఈరమ్మా, నన్నడగకు" అని పెట్టేశాడు.

బస్తాలు లోపలికి వచ్చాయి. రెక్కల కింద దాకా పేర్చారు. పది రోజులు నెల అయింది. నెల రెండు నెలలయింది. ఈరమ్మ చేతనైనంత చేసింది. విమానం మీద టార్పాలిన్ కప్పింది. ఎలుకల బోన్లు నాలుగు పెట్టింది, ఒక్కో పొద్దున మూడేసి పడేవి. యూరియా చెమర్చి నేలంతా తడి. ఇంతకుముందు నెలకోసారి రంగు మారే గుళికలు వారానికి రెండుసార్లు మారుతున్నాయి. పెనం దించకుండా వేడి చేసింది. జరపడానికి చోటు లేక సున్నం గీత ఒకే చోట ఆగిపోయింది. పుస్తకంలో గులాబీ చుక్కలు పెరుగుతున్నాయి. మద్దిలేటికి చెబుదామంటే ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని పడుకున్నాడు. బాగైతేనే వస్తానని ఇంట్లోవాళ్లు చెప్పారు.

ఆగస్టులో ఒక పొద్దున తోక కింద పల్లి పొట్టు కనిపించింది. ఈరమ్మ వంగి, చెవి ఆనించి విన్నది. తోక లోపల ఏదో గీకుతున్న చప్పుడు. తలుపు తీసి చూస్తే నడిపేవాళ్లు కూర్చునే సీటు కడుపు చీలి ఉంది. నురుగులాంటి పసుపు దూదితో ఎలుక గూడు. పక్కనే కొరికేసిన తీగల తొడుగులు. చక్రం కమ్మీ మీద తెల్లటి పొడి తేలింది. వేలితో రుద్దితే కింద గుంట పడి ఉంది.

ఆమె ఆ దూదిని, తీగల ముక్కలను చీర చెంగు చింపి మూటగట్టింది. బస్సెక్కి గద్వాలకు పోయింది.

రాఘవేందర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులైంది. మనిషి సగమైపోయాడని ఈరమ్మ అనుకుంది. ఆమె మెట్టు మీద కూర్చుని మూట విప్పి ముందు పెట్టింది.

"ఏంది ఇది?"

"మీ సీటు సార్."

ఆయన దాన్ని చూసి, ముఖం తిప్పుకున్నాడు. "నన్నెందుకు సతాయిస్తవ్ ఈరమ్మా? నేను ఎక్కేది లేదు, నడిపేది లేదు. అది ఉంటే ఎంత, పోతే ఎంత?"

ఈరమ్మ తనకు తెలిసిన సంగతే చెప్పింది.

"సార్, ఒక యేడు మేం పుణెకు పోంగ ఇంటికి తాళమేసి పోయినం. తొమ్మిది నెలలకు తిరిగొచ్చినం. తాళం ఎట్లేసింది గట్లనే ఉండె. తలుపు తీస్తే లోపల ఏం మిగల్లే. దూలం చెదలు తిన్నయి. మా అమ్మ ఇచ్చిన సందుగపెట్టె మీదికెల్లి పుట్ట లేసింది. దొంగ రాలే, నిప్పు రాలే. ఎవ్వలూ తలుపు తియ్యలే, గంతే."

రాఘవేందర్ ముఖం ఇటు తిప్పాడు.

"మీకు బాధైతదని నాకెర్క. గానీ అది చచ్చిపోలే సార్. ఇంజన్ ఇంకా మంచిగనే ఉందని నా మనసుకు అనిపిస్తుంది. మీకు పనికి రాకుంటే ఇంకొకలకు పనికొస్తది. ఎలుకలకైతే ఇయ్యకుండ్రి."

ఆయన చాలాసేపు ఆ పసుపు దూదిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి చెప్పులు వేసుకొచ్చాడు. "పా," అన్నాడు.

ఇద్దరూ కారెక్కారు. షెడ్డు ముందు దిగాక ఆయన తలుపు దగ్గర ఆగిపోయాడు. లోపలి నుంచి యూరియా కంపు, ఎలుకల కంపు. టార్పాలిన్ తీసి ఈరమ్మ పక్కకు జరిగింది. ఆయన మెల్లగా వచ్చి విమానం ముక్కు మీద అరచెయ్యి ఉంచాడు. భుజాలు కదిలాయి. ఈరమ్మ చూడనట్టు బయటికి పోయి, చీపురు తెచ్చుకునే నెపంతో కొంతసేపు అక్కడే నిలబడింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన ఒక పల్లి బస్తాను ఒంటిగా ఈడుస్తున్నాడు.

"అయ్యో, మీ గుండె సార్!"

"అయితే నువ్వో చెయ్యెయ్యి."

నాలుగు బస్తాలు వాకిట్లోకి వచ్చేలోపు ఎవరో చెప్పగా శ్రవణ్ పరుగున వచ్చాడు. మామ మొహం చూశాడు. చొక్కా చేతులు మడిచి బస్తా ఎత్తుకున్నాడు. సాయంత్రానికి హమాలీలను పిలిపించి షెడ్డు ఖాళీ చేయించాడు. మర్నాడు తనే వచ్చి, గోడకూ రేకుకూ మధ్య ఎలుకలు దూరే సందులన్నీ రేకు ముక్కలతో మూయించాడు. పోయేటప్పుడు ఈరమ్మతో, "నువ్వు చెప్తే ఇనకపోతిని. తప్పైంది అక్కా" అన్నాడు.

నెల తర్వాత మద్దిలేటి నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. రెక్కల అడుగున చిన్న చిన్న మూతలు విప్పి, అద్దం, టార్చి పెట్టి చూశాడు. మూడు చోట్ల తుప్పు, ఒక కట్ట తీగలు, ఒక సీటు. మార్చవచ్చు. ఇంకో వానాకాలం పోయి ఉంటే రెక్కే పనికిరాకుండా పోయేదన్నాడు. తర్వాత ఇంజన్ దగ్గరికి వచ్చి, గాజు బిరడా విప్పిన చోటు నుంచి సన్నని తీగ చివర ఉన్న కెమెరాను లోపలికి పంపాడు. రాఘవేందర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. మద్దిలేటి ఒకటి చూసి, రెండోది చూసి, నాలుగూ చూసి, ఈరమ్మను పిలిచాడు.

"రామ్మా, నువ్వు కాసింది ఎట్లుందో చూసుకో."

ఫోను తెరలో ఒక గుండ్రని గోడ కనిపించింది. తోమిన స్టీలు చెంబు లోపలిలా మెరుస్తోంది. ఒక్క మచ్చ లేదు. ఇన్నాళ్లూ ఏ చోటు కోసం ఆమె గుళికలు వేడి చేసిందో ఆ చోటును చూడడం అదే మొదలు. ఈరమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంకోపారి చూపియ్యి సార్" అంది.

ఆ తర్వాత రాఘవేందర్ వారంలో రెండు మూడు రోజులు షెడ్డులోనే గడిపేవాడు. మద్దిలేటి చెప్పిన పనులు కూర్చుని చేయగలిగినవి చేసేవాడు. చలికాలం అయిపోయేనాటికి ఆయనే ఒక మాట అన్నాడు. "దీన్ని ఇచ్చేద్దాం ఈరమ్మా. ఎగిరేకాడికి పోనీ." కర్ణాటకలో విమానం నడపడం నేర్పే చిన్న బడి ఒకటి ఉందని, దాన్ని నడిపే సుప్రియ అనే ఆమె పాత విమానం కోసం చూస్తోందని మద్దిలేటి చెప్పాడు.

సుప్రియ ముప్పై ఐదేళ్ల మనిషి. వచ్చీ రాగానే కాగితాలు అడిగింది. పెద్ద పుస్తకాలు చూశాక, మద్దిలేటి ఈరమ్మ నోటుపుస్తకం కూడా తెచ్చి పెట్టాడు. ఆమె చుక్కల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయి, గులాబీ చుక్కలు గుంపులుగా ఉన్న పేజీల దగ్గర ఆగింది.

"ఇక్కడేమైంది?"

ఈరమ్మ రాఘవేందర్ వైపు, శ్రవణ్ వైపు చూసింది. రాఘవేందర్ కుర్చీ లాగి సుప్రియ ముందు వేశాడు.

"అక్కడ నా తప్పు ఉంది. చెప్త, కూసోండి."

అంతా విన్న తర్వాత సుప్రియ పుస్తకం మూసి, "దాచకుండా రాసిన పుస్తకం. నాకిది చాలు" అంది.

అనుమతుల కాగితాలన్నీ రావడానికి ఏప్రిల్ అయింది. ఆ పొద్దున ఈరమ్మ దారి రెండుసార్లు ఊడ్చింది. మూతలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేస్తూ పైకి లెక్కపెట్టింది. మొదటిసారి మీట తిప్పితే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి పంకా తిరిగింది, తెల్లని పొగ ఒక్క గుప్పెడు వచ్చి, ఆ తర్వాత ఒకే తీరున మోత. మద్దిలేటి టోపీ తీసి గాల్లో ఊపాడు.

సుప్రియ మొదట ఒంటరిగా ఒక చుట్టు తిరిగి వచ్చింది. దిగి రాఘవేందర్‌ను పక్క సీట్లో కూర్చోమంది. ఆయన వద్దన్నాడు, మళ్లీ సరే అన్నాడు. ఈరమ్మ బెల్టు పట్టి ఇచ్చింది. తర్వాత సుప్రియ చెప్పిందాన్ని బట్టి, పైన ఉన్నంతసేపూ ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీదే పెట్టుకున్నాడు, ఒక్కసారి కూడా స్టీరింగు వైపు చాచలేదు. దిగి వచ్చాక మాత్రం ముఖం విప్పారి, చాలా రోజుల తర్వాత ఆయన గట్టిగా మాట్లాడడం అందరూ విన్నారు. జూరాల డ్యాములో నీళ్లు ఎట్లా ఉన్నాయో, మల్దకల్ గుడి గోపురం పైనుంచి ఎంత చిన్నగా కనిపించిందో శ్రవణ్‌కు చెబుతూనే ఉన్నాడు.

"మీరూ రండి," అని సుప్రియ ఈరమ్మను పిలిచింది.

"నేను కిందనే ఉంట మేడం. మేకలొస్తయి, రాళ్లు చూడాలె."

ఆ మధ్యాహ్నం విమానం వెళ్లిపోయింది. దారి చివరన నిలబడి ఈరమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. మోత వినపడనంత దూరం పోయేదాకా దించలేదు. తర్వాత వారం రోజులు ఆమెకు ఏం చేయాలో తోచలేదు. శనివారం వచ్చింది. అలవాటుగా షెడ్డు దాకా పోయి, తాళం చెవి చేతిలో పెట్టుకుని తిరిగొచ్చింది.

జూన్ మొదట్లో సుప్రియ ఫోన్ చేసింది. వానల్లో తమ మూడు విమానాలూ రెండు నెలల పాటు నిలబడిపోతాయని, వాటిని చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని, ఉండటానికి గది ఉందని చెప్పింది. ఈరమ్మ ఆశీర్వాదం వైపు చూసింది. ఇరవై ఏళ్లు ఎక్కడ పని ఉంటే అక్కడికి అతని వెంట నడిచిన మనిషి ఆమె.

"ఏమంటవ్?" అంది.

"అననీకేముంది?" అతను బీడీ ఆర్పేశాడు. "ఈసారి నేనే నీ ఎంబడి వస్త. మీ అమ్మోళ్ల దిక్కు కన్నడం నీకొచ్చు, నాకేమొచ్చు?"

రెండు నెలల పనని పోయినవాళ్లు ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. ఆశీర్వాదం గడ్డి కోస్తాడు, గేటు చూస్తాడు. ఈరమ్మ చేతి కింద మూడు విమానాలు, మూడు పుస్తకాలు. అక్కడి ఇంజినీర్లు నవ్వుతూనే రెండు రంగుల పెన్నులు వాడటం అలవాటు చేసుకున్నారు. అక్షరాలు కూడా కూడబలుక్కుని చదువుతోంది. విమానం మాత్రం ఇంకా ఎక్కలేదు. ఎప్పుడు అడిగినా, చూద్దాం లే అంటుంది.

రాఘవేందర్ పదిహేను రోజులకోసారి ఆమెకు ఫోన్ చేస్తాడు. క్షేమసమాచారాలు రెండు మాటల్లో అయిపోతాయి. మొన్న చేసినప్పుడూ అంతే.

"మనది ఎట్లుంది ఈరమ్మా?"

"నిన్న మూడుపార్లు పోయొచ్చింది సార్. ఒక పిల్ల నేర్చుకుంటుంది, గద్వాల పిల్లనే. టైర్లు కొత్తయి ఏసిండ్రు."

"ఏ కంపెనీవి?"

"జర ఆగుండ్రి, చూసొచ్చి చెప్త," అని ఈరమ్మ ఫోను చెవికి ఆనించుకునే షెడ్డులోకి నడిచింది.